రాతిపొరల్లో పాత సముద్రం రాకపోకలు ఎలా చదవాలి: చెన్నై నుంచి బయల్దేరేవాళ్ళకు

డెవోనియన్ కాలం గురించి ఎక్కడో చదివి, ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, కీళ్ళ కాళ్ళున్న సముద్రపు జీవి) ఫొటోలు చూసి, "చెన్నైలో ఉండి ఇలాంటివి ఎక్కడ చూస్తామండీ" అని అడిగే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. భూగర్భశాస్త్రం చదవనక్కర్లేదు. ఓపిక కావాలి, ఎండకు టోపీ కావాలి, ఒక నోటుబుక్కు కావాలి.

అన్నిటికంటే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. శిలాజం దొరికితే అక్కడ ఒకప్పుడు సముద్రం ఉందని తెలుస్తుంది, అంతే. ఆ సముద్రం లోతు పెరుగుతోందా తగ్గుతోందా, ఒడ్డు ఎటు జరుగుతోంది అన్నది ఆ ఒక్క గవ్వ చెప్పలేదు. దాని కింద ఏ పొర ఉంది, పైన ఏ పొర ఉంది అన్నది చెబుతుంది. అందుకే గవ్వను పెరికి జేబులో వేసుకుంటే సగం సమాచారం అక్కడికక్కడే పోయినట్టు. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా పొరల వరస చదవడం గురించే, ఏరుకురావడం గురించి కాదు.

వయసుల లెక్క సరిచూసుకోండి

డెవోనియన్ అంటే 41.9 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై 35.9 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసిన కాలం. ఇంగ్లాండ్‌లోని డెవాన్ ప్రాంతం పేరు మీద 1839లో సెడ్జ్‌విక్, మర్చిసన్ ఈ పేరు పెట్టారు. దాని వెనకాల పెద్ద వాదనే నడిచింది. డెవాన్ రాళ్ళు మడతలు పడి, నలిగిపోయి, చూడ్డానికి ఇంకా చాలా పాతవాటిలా ఉండేవి. విలియం లాన్స్‌డేల్ వాటిలోని పగడాలను పరిశీలించి, ఇవి సైలూరియన్‌కీ కార్బొనిఫెరస్‌కీ మధ్యకాలంవి అయ్యుండాలని తేల్చాడు. రాయి వాలకం చూసి వయసు చెబితే తప్పుతుంది, అందులో బతికిన జీవుల్ని చూసి చెబితే నిలుస్తుంది.

మన దక్షిణాదిలో డెవోనియన్ సముద్రపు రాళ్ళు బయట ఎక్కడా కనిపించవు. ఇండియాలోనే చూడాలంటే హిమాలయాలకు పోవాలి. హిమాచల్‌లోని స్పితిలో, పిన్ లోయలో, ముత్ అనే ఊరి పేరుతోనే పిలిచే తెల్లటి క్వార్ట్‌జైట్ రాయి ఉంది. ఆ కాలపు తీరంలోని ఇసుకే అలా గట్టిపడింది. దాని మీద కీళ్ళ కాళ్ళ జీవులు నడిచిపోయిన జాడలు కూడా దొరికాయి.

మరి మనకు దగ్గర్లో ఏముంది? అరియలూర్, పెరంబలూర్ జిల్లాలు, తిరుచ్చి జిల్లాలో కొంత భాగం. అక్కడివి క్రెటేషియస్ కాలపు సముద్రపు పొరలు, ఉజ్జాయింపుగా 11 కోట్ల సంవత్సరాల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల క్రితంవి, ఆపైన ఇంకొంచెం. అంటే డెవోనియన్ ముగిశాక దాదాపు పాతిక కోట్ల సంవత్సరాలు గడిచాక పేరుకున్నవి. అక్కడ ట్రైలోబైట్ కోసం వెతికితే రోజంతా వెతికినా దొరకదు, అవి 25.2 కోట్ల సంవత్సరాల క్రితమే పూర్తిగా అంతరించాయి. జీవులు వేరు, కానీ సముద్రం ముందుకొచ్చినప్పుడు, వెనక్కిపోయినప్పుడు పొరలు పేరుకునే తీరు డెవోనియన్‌లో ఎలా ఉందో క్రెటేషియస్‌లోనూ అలాగే ఉంది, ఇవాళ కోవళం తీరంలోనూ అలాగే ఉంది. కాబట్టి చదవడం ఇక్కడ నేర్చుకుంటే డెవోనియన్ రాయి ముందు నిలబడ్డ రోజున తడబడరు.

మొదటి పాఠం బీచ్‌లోనే

ఈ మెట్టు దాటేసి నేరుగా అరియలూర్ రైలెక్కేవాళ్ళే ఎక్కువ. దయచేసి అలా చేయకండి. బెసంట్ నగర్ కానీ కోవళం కానీ, పొద్దున్నే జనం లేనప్పుడు వెళ్ళండి. నీళ్ళంచు నుంచి మొదలుపెట్టి రోడ్డు వైపు మెల్లగా నడుస్తూ కింద చూడండి. అల విరిగేచోట ఇసుక ఎంత ముతకగా ఉంది, గవ్వలు ఎలా ముక్కలై అంచులు అరిగిపోయి ఉన్నాయి, కొంచెం పైన ఎండ్రకాయ బొరియలు ఎక్కడ మొదలవుతున్నాయి, తుపానుకు కొట్టుకొచ్చిన గవ్వల వరస ఎక్కడ ఆగింది. ఫొటోలు తీసుకోండి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి మరీ తీయండి.

అక్కడ ఒక ఆల్చిప్ప సంగతి దగ్గరగా గమనించండి. రెండు చిప్పలూ విడిపోయి, ఒక్కో చిప్ప విడిగా పడి ఉంటే, వాటిలో చాలా మటుకు బోర్లా పడి ఉంటాయి, గుంట కిందికి, ఉబ్బు పైకి. పారే నీళ్ళలో చిప్ప అలాగైతేనే కదలకుండా నిలుస్తుంది, వెల్లకిలా ఉంటే నీళ్ళు తిప్పేస్తాయి. ఇప్పుడు ఒక రాతిపొరలో చిప్పలన్నీ బోర్లా కనిపిస్తే, అక్కడ నీళ్ళు గట్టిగా పారాయని అర్థం. అదే రెండు చిప్పలూ మూసుకుని జంటగా ఉంటే, ఆ జీవి బతికినచోటే చనిపోయి బురదలో పూడిపోయింది, దాన్ని ఎవరూ ఎటూ మోసుకుపోలేదు. ఈ ఒక్క తేడా కళ్ళకు అలవాటైతే చాలు, శిలాజాల పొర చూసిన ప్రతిసారీ ఇవి ఇక్కడివేనా, కొట్టుకొచ్చినవా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇంకోరోజు పులికాట్ వెళ్ళండి. మన నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఈ సరస్సు కొత్త కాదు. సముద్రానికి పక్కనే, ఇసుకదిబ్బ అడ్డుగా, లోపల నల్లటి మెత్తటి బురద. బయట అలల ఇసుక, లోపల కదలని నీళ్ళ బురద, మధ్యలో దిబ్బ. ఈ మూడూ ఒకే రోజున, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కదా. రేపు సముద్రమట్టం మెల్లగా పెరిగి ఒడ్డు పడమరకు జరిగిందనుకోండి, బురద మీదికి ఇసుకదిబ్బ వస్తుంది, దిబ్బ ఉన్నచోటికి లోతు నీళ్ళ బంకమట్టి వస్తుంది. అంటే ఇవాళ పక్కపక్కన ఉన్నవి రేపు రాతిలో ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త యొహానెస్ వాల్తర్ 1894లో ఈ సూత్రాన్ని చెప్పాడు. సముద్రమట్టం కథంతా చదవడానికి తాళంచెవి ఇదే. ఇది అర్థమయ్యేదాకా పులికాట్ దగ్గరే కూర్చున్నా నష్టం లేదు.

ఏం తీసుకెళ్ళాలి

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, టేపు, నోటుబుక్కు, పెన్సిలు (పెన్ను చెమటకు అలికిపోతుంది), చిన్న సీసాలో వెనిగర్, ఒక మేకు, ఫోను. సుత్తి వద్దు. నిజంగా వద్దు. సుత్తి చేతిలో ఉంటే కొట్టాలనే అనిపిస్తుంది, కొడితే వెనకాల వచ్చేవాళ్ళకు ఏమీ మిగలదు.

వెనిగర్ ఎందుకంటే, మేకుతో రాయి మీద గీరి, ఆ పొడి మీద రెండు చుక్కలు వేస్తే సన్నగా నురగ వస్తే అది సున్నపురాయి. రాకపోతే ఇసుకరాయో బంకరాయో అయ్యుండొచ్చు. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి గీరకుండా వేస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు, భూతద్దం పెట్టి చూడండి.

వెళ్ళేముందు ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో భూగర్భశాస్త్ర విభాగం ఒకసారి చూసి వెళ్ళండి. గాజు పెట్టెలో ఉన్నదాన్ని గుర్తుపట్టగలిగితేనే మట్టిలో సగం పూడినదాన్ని గుర్తుపడతారు.

ఎక్కడికి, ఎప్పుడు

ఎగ్మోర్ నుంచి విల్లుపురం, విరుదాచలం మీదుగా తిరుచ్చి పోయే కార్డ్ లైన్‌లోనే అరియలూర్ స్టేషన్ ఉంది. పొద్దున్నే ఎక్కితే భోజనాల వేళకు ముందే దిగొచ్చు. జనవరి, ఫిబ్రవరి మంచివి. ఏప్రిల్, మే నెలల్లో ఆ బోడి నేల మీద నీడ అనేది ఉండదు, పిల్లల్ని, పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, కారై దగ్గర బంకమట్టి కాళ్ళకింద జారిపోతుంది.

మొదట వారణవాసిలోని ఫాసిల్ మ్యూజియం చూడండి. తర్వాత కారై. ఇది పెరంబలూర్ జిల్లాలో ఉంది, వాన నీళ్ళు కోసేసిన గుట్టలూ గాడులూ, రంగురంగుల బంకమట్టి, చెట్టూ చేమా తక్కువ, కాబట్టి పొరలు చక్కగా బయటపడి ఉంటాయి. అక్కడికి దగ్గర్లోనే సాత్తనూర్, రాయిగా మారిన 18 మీటర్లకు పైగా పొడవున్న చెట్టు మాను ఉన్నచోటు. అరియలూర్ ఊరి పక్కన కల్లంకురిచ్చి సున్నపురాయి గనులు. గనుల్లోకి మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టకండి, లారీలు తిరుగుతుంటాయి, పేలుళ్ళు ఉంటాయి.

భాష గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. మేకలు కాసుకునే పెద్దాయన ఎవరైనా కనిపిస్తే "ఏం తాతా, ఇక్కడ గవ్వ రాళ్ళు ఎటు వైపు ఉంటాయి" అని మర్యాదగా అడగండి, తెలుగు రాకపోతే ఫోనులో ఫొటో చూపించండి. వాన వెలిశాక ఏ గాడిలో కొత్తవి బయటపడతాయో వాళ్ళకు తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు.

ఈ రాళ్ళను లోకానికి తెలియజేసిన చరిత్ర కూడా పాతదే. ఇక్కడ ఏరిన శిలాజాలను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో వర్ణించాడు, హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ 1862లో ఈ పొరలను ఉత్తత్తూర్, తిరుచిరాపల్లి, అరియలూర్ అని మూడు సముదాయాలుగా విడదీశాడు, ఆ తర్వాత స్టోలిజ్కా ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కొక్క జీవినీ బొమ్మలతో సహా వివరించాడు. ఆ మూడు సముదాయాల పేర్లు ఇప్పటికీ వాడుతున్నారు, నోటుబుక్కులో మీరూ అవే రాసుకోండి.

గట్టు ముందు నిలబడ్డాక

అసలు పని ఇక్కడే. గట్టు దగ్గరికి వెళ్ళగానే వంగి ఏరడం మొదలుపెట్టొద్దు. ముందు ఇరవై అడుగులు వెనక్కి వచ్చి మొత్తం చూడండి. రంగు ఎక్కడ మారుతోంది, ఏ పొర ఉబ్బెత్తుగా నిలిచింది, ఏది లోపలికి అరిగిపోయింది. గట్టిగా నిలిచేది చాలాసార్లు సున్నపురాయి లేదా ఇసుకరాయి, అరిగి వాలుగా జారేది బంకమట్టి.

తర్వాత అడుగు నుంచి మొదలుపెట్టండి. ఎప్పుడూ అడుగు నుంచే, ఎందుకంటే ముందు పేరుకున్నది అడుగునే ఉంటుంది. నోటుబుక్కు పేజీలో కూడా అడుగు నుంచి పైకి గీయండి. ఒక్కో పొరకు టేపుతో మందం కొలిచి, పక్కన నాలుగు మాటలు: రేణువు ఎంత సన్నం, రంగు, నురగ వచ్చిందా, శిలాజాలు ఏవి, ఎలా పడి ఉన్నాయి. రేణువు సన్నమా ముతకా అన్నది వేళ్ళ మధ్య నలిపితే తెలుస్తుంది. గరగరలాడితే ఇసుక, పిండిలా జారితే బంక.

పొరకూ పొరకూ మధ్య ఉన్న గీతను అన్నిటికంటే జాగ్రత్తగా చూడండి. మెల్లగా ఒకటి ఇంకోదానిలో కలిసిపోతోందా, కత్తితో కోసినట్టు తెగిందా? తెగినచోట గులకరాళ్ళో, విరిగిన గవ్వల గుట్టో, ఇనుప తుప్పు రంగు పెంకో ఉంటే అక్కడ కొంతకాలం ఏమీ పేరుకోలేదు, లేదా పేరుకున్నది కొట్టుకుపోయింది. సముద్రం వెనక్కిపోయి మళ్ళీ వచ్చిన జాడ సాధారణంగా ఇలాంటి గీతలోనే ఉంటుంది. కొత్తవాళ్ళు మందమైన పొరల మీద మోజుపడి ఈ సన్నని గీతలను వదిలేస్తారు. మందమైన పొర కొద్దికాలంలో పేరుకుని ఉండొచ్చు, బెత్తెడు కూడా లేని గీతలో లక్షల ఏళ్ళు మాయమై ఉండొచ్చు.

ఇప్పుడు పేజీలో గీసిన బొమ్మను అడుగు నుంచి పైకి చదవండి. గులకరాళ్ళు, ముతక ఇసుక, సన్న ఇసుక, బంక, ఇలా పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే ఆ చోటు ఒడ్డుకు దూరమవుతోంది, అంటే సముద్రం లోపలికి వస్తోంది. పైకి పోయేకొద్దీ ముతకబడుతుంటే ఒడ్డు దగ్గరకొస్తోంది, సముద్రం తగ్గుతోంది. వాల్తర్ సూత్రం చెప్పేది ఇదే, పులికాట్‌లో చూసింది ఇదే.

కారైలో ఒక చిక్కు ఉంది, చెప్పకపోతే దారి తప్పుతారు. అక్కడ బంకమట్టి నిండా జిప్సం, గాజుపలకల్లా, తెల్లటి పీచులా తళతళలాడుతూ కనిపిస్తుంది. గోరుతో గీస్తే గీత పడుతుంది. సముద్రం ఎండిపోతే జిప్సం మిగులుతుందని ఎక్కడో చదివినవాళ్ళు, "ఇక్కడ సముద్రం ఎండింది" అని వెంటనే రాసేస్తారు. తొందరపడకండి. ఆ జిప్సం ఎటు పోతోందో చూడండి. పొరలను అడ్డంగా కోసుకుంటూ, పగుళ్ళ వెంట పోతుంటే, అది బంక పేరుకున్నాక ఎప్పుడో నీళ్ళతో వచ్చి ఆ పగుళ్ళలో చేరింది. సముద్రమట్టానికీ దానికీ సంబంధం లేదు. పక్కనే అమ్మోనైట్లు, బెలెమ్నైట్లు (రెండూ సముద్రపు జీవులే, వాటి గురించి కింద చెబుతాను) ఉన్నాయంటేనే అది మామూలు ఉప్పు సముద్రం అని తేలిపోయింది.

జీవుల్ని గుర్తుపట్టడం

అన్నీ నేర్చుకోనక్కర్లేదు. నాలుగైదు చాలు.

ముందు ఆల్చిప్పనూ బ్రాకియోపాడ్‌నూ విడదీయడం నేర్చుకోండి, ఎందుకంటే డెవోనియన్ సముద్రాల్లో రాజ్యమేలింది బ్రాకియోపాడ్లు, అరియలూర్‌లో ఎక్కువ కనిపించేవి ఆల్చిప్పలు. చిప్పను అరచేతిలో పెట్టుకుని ముక్కు నుంచి అంచు దాకా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకు ఎడమ కుడి సరిగ్గా సమానంగా ఉంటే అది బ్రాకియోపాడ్, దాని పై చిప్ప, కింది చిప్ప మాత్రం ఒకేలా ఉండవు. ఆల్చిప్ప తద్విరుద్ధం. ఒక్కో చిప్ప ఒకవైపు వాలినట్టు వంకరగా ఉంటుంది, రెండు చిప్పలూ మాత్రం అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి సరిపోతాయి. ఆయిస్టర్ జాతి ఆల్చిప్పలు, గ్రైఫియా లాంటివి, ఈ నియమం పాటించవు, వాటి ఎడమ చిప్ప బరువుగా వంగి, కుడిది మూతలా చదునుగా ఉంటుంది.

రెండోది అమ్మోనైట్. చుట్టలు తిరిగిన గుల్ల. పై పెంకు ఊడిపోయినచోట గుల్ల పక్క మీద సన్నటి గీత ఒకటి మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది, లోపలి గదుల గోడలు పెంకును తాకిన జాడ అది. డెవోనియన్ గోనియటైట్లలో (అమ్మోనైట్లకు ముందుతరం బంధువులు) ఆ గీత ఏవో కొన్ని వంపులతో సాదాగా ఉంటుంది. క్రెటేషియస్ అమ్మోనైట్‌లో అదే గీత మైలాపూర్ వాకిట్లో మార్గళి ముగ్గులా మెలికలో మెలికగా అల్లుకుపోయి ఉంటుంది. భూతద్దం కింద ఆ గీత చూసి కాలం ఉజ్జాయింపుగా చెప్పగలగడం ఎంత సంతోషమో చూస్తేగాని తెలియదు.

బెలెమ్నైట్ అంటే వేలెడు పొడవు, ఒక కొన మొనదేలిన నున్నటి గుండ్రటి కడ్డీ. స్క్విడ్ లాంటి జీవి లోపలి భాగం. కారైలో ఇవి దొరుకుతాయి, డెవోనియన్‌లో దొరకవు. డెవోనియన్‌లో మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రటి రాతి బిళ్ళలు గుట్టలుగా కనిపిస్తే అవి క్రినాయిడ్ (సముద్రపు లిల్లీ అనే జీవి) కాడలు. కొమ్ములా ఒంటిగా పెరిగిన పగడం కనిపిస్తే రుగోస్ పగడం.

ఆ పగడం పైన సన్నటి అడ్డ గీతలు ఉంటాయి. 1963లో జాన్ వెల్స్ డెవోనియన్ పగడాల మీద ఆ గీతలు లెక్కపెట్టి, ఒక ఏడాది పెరుగుదలలో దాదాపు 400 రోజువారీ గీతలు ఉన్నాయని చూపించాడు. అంటే అప్పట్లో ఏడాదికి 400 రోజులు, రోజుకు సుమారు 22 గంటలే. భూమి ఇప్పటికంటే వేగంగా తిరిగేది. చంద్రుడు ఆటుపోట్లతో దాన్ని నిదానింపజేస్తూ వచ్చాడని ఖగోళశాస్త్రం లెక్కగట్టి చెప్పిన మాటకు సాక్ష్యం ఒక పగడం ఒంటి మీద దొరికింది.

జీవి నుంచి లోతుకు

మట్టం చదవాలంటే ఒక్కో జీవి ఎంత లోతులో బతికేదో తెలియాలి. దిబ్బలు కట్టే పగడాలకు వెచ్చటి, లోతు తక్కువైన, వెలుతురు పడే నీళ్ళు కావాలి. డెవోనియన్‌లో వాటి పక్కనే స్ట్రొమటోపొరాయిడ్లు అనే స్పాంజి జాతి జీవులు పెద్ద పెద్ద దిబ్బలు కట్టాయి, పశ్చిమ ఆస్ట్రేలియాలో విండ్‌జానా లోయ గోడలు ఆ దిబ్బలే. బ్రాకియోపాడ్లు, ట్రైలోబైట్లు, క్రినాయిడ్లు కలిసి బూడిదరంగు బంకలో ఉంటే ఒక మోస్తరు లోతు. నల్లటి పలకల బంకలో అడుగున బతికే జీవి ఒక్కటీ లేకుండా, పైన ఈదే గోనియటైట్లు మాత్రమే ఉంటే, అడుగున ప్రాణవాయువు లేదు, సాధారణంగా లోతు ఎక్కువ.

"సాధారణంగా" అన్న మాట కావాలనే వాడాను. నలుపు రంగు చెప్పేది ప్రాణవాయువు లేదనే, లోతు ఉందని కాదు. పులికాట్ బురద కూడా నల్లగానే ఉంది కదా, అక్కడ లోతెంత? కాబట్టి ఒక్క రంగు చూసి తేల్చకుండా కింద, పైన ఏముందో కలిపి చూడాలి.

డెవోనియన్‌కు చక్కటి ఉదాహరణ న్యూయార్క్ రాష్ట్రం. అక్కడ అడుగున ఆనన్‌డాగా సున్నపురాయి, పగడాలతో. దానిపైన నల్లటి మార్సెలస్ షేల్ (పలకల బంకరాయి), పొరుగున పెన్సిల్వేనియాలో సహజవాయువు తీస్తున్నది దాన్నుంచే. లోతు తక్కువైన పగడాల సముద్రం మీదికి లోతు నీళ్ళ బంక వచ్చిందంటే నీళ్ళు లోతెక్కాయి. ఆ పైకి పోయేకొద్దీ బూడిదరంగు బంకలు, బ్రాకియోపాడ్లు, ట్రైలోబైట్లు, ఇసుకరాళ్ళు, తూర్పున చివరికి ఎర్రటి నది మట్టి. తూర్పున లేచిన అకేడియన్ పర్వతాలు అరిగి, ఆ మట్టి సముద్రాన్ని పడమరకు నెట్టేసింది.

ఇప్పుడు అదే చూపుతో మన అరియలూర్ వైపు చూడండి. కారైలో అమ్మోనైట్లతో బంకమట్టి, ఒడ్డుకు దూరంగా ఉండే బయటి సముద్రం. సాత్తనూర్‌లో సముద్రపు పొరల్లోనే పడుకున్న పెద్ద చెట్టు మాను, అంటే నది మోసుకొచ్చి పడేసింది, నేల మరీ దూరంలో లేదు. కల్లంకురిచ్చిలో గ్రైఫియా చిప్పలు ఒకదానిమీద ఒకటి గుట్టలుగా పేరుకుని ఏర్పడిన సున్నపురాయి, లోతు తక్కువైన సముద్రం. దానికంటే పైన కల్లమేడు పొరలు, అక్కడ డైనోసార్ ఎముకలు, నది మట్టి, సముద్రం వెళ్ళిపోయింది. ఇంకా పైన నినియూర్‌లో మళ్ళీ సముద్రపు సున్నపురాయి. సముద్రం వచ్చింది, ఉంది, పోయింది, తిరిగి వచ్చింది. ఒక్క జిల్లా చుట్టుపక్కల తిరిగి ఇంత చదవగలిగే చోట్లు దేశంలో ఎన్నో లేవు, అందుకే వీటిని సిమెంటుకూ చెత్తకుప్పలకూ వదిలేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నీళ్ళు పెరిగాయా, నేల కుంగిందా

ఒకేచోట చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. నేల కుంగినా లోతు పెరుగుతుంది, ప్రపంచమంతటా నీళ్ళు పెరిగినా లోతు పెరుగుతుంది. కాబట్టి ఒకే వయసున్న పొరలను దూరదూరంగా ఉన్న చోట్ల పోల్చాలి. డెవోనియన్‌కు ఈ పని 1985లో జాన్సన్, క్లాపర్, శాండ్‌బర్గ్ చేశారు. అమెరికా, యూరప్ ఖండాల్లో సముద్రం ముందుకొచ్చిన, వెనక్కిపోయిన ఘట్టాలను కోనొడాంట్లు అనే సూక్ష్మమైన పళ్ళ శిలాజాలతో వయసు కట్టి పక్కపక్కన పెట్టారు. వేర్వేరు చోట్ల ఒకేసారి లోతెక్కితే అది నీళ్ళ పనే. జర్మనీలో కెల్‌వాసర్ పేరుతో పిలిచే రెండు నల్లటి పొరలు కూడా ఇలాగే చాలా దేశాల్లో దొరికాయి. 37.2 కోట్ల సంవత్సరాల క్రితం, ఆ పొరల కాలంలోనే, డెవోనియన్ పగడపు దిబ్బలు కుప్పకూలాయి.

మన స్థాయిలో కూడా పోల్చి చూడొచ్చు. చెన్నై పక్కనే శ్రీపెరంబుదూర్ దగ్గర తొలి క్రెటేషియస్ పొరల్లో ఆకుల ముద్రలతోపాటు సముద్రపు జీవులూ దొరికాయి. ఇప్పుడు అక్కడంతా ఫ్యాక్టరీలు, పొరలు కనబడటమే కష్టం. గోదావరి జిల్లాల్లో రాఘవాపురం బంకరాళ్ళలోనూ అంతే, ఆకులూ ఉన్నాయి, అమ్మోనైట్లూ ఉన్నాయి, కాలమూ దగ్గరిదే. ఇక రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, గౌరీపట్నం వైపు, దక్కను లావా పొరల మధ్యలో ఇరుక్కున్న సున్నపు పొరల్లో ఉప్పునీటి గవ్వలు ఉన్నాయి. సెలవులకు ఊరెళ్ళినప్పుడు నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి.

అమెరికా వెళ్ళేవాళ్ళకు

పిల్లల దగ్గరికి వెళ్ళి నయాగరా చూసే అమ్మానాన్నలు ఎందరో. నయాగరా రాయి సైలూరియన్, డెవోనియన్‌కు ముందుది. అక్కణ్ణించి గంటలోపు దారిలో, బఫెలో దక్షిణాన, హాంబర్గ్‌లో పెన్ డిక్సీ అనే పాత క్వారీ ఉంది. అచ్చమైన డెవోనియన్ సముద్రపు అడుగు. టికెట్టు కొనుక్కుంటే ట్రైలోబైట్లు, బ్రాకియోపాడ్లు ఏరుకుని ఇంటికి తెచ్చుకోనిస్తారు, వేళలు ముందే చూసుకోండి. ఇండియానాలో ఫాల్స్ ఆఫ్ ది ఒహాయో దగ్గర ఒహాయో నది అడుగే డెవోనియన్ పగడాల పరుపు, నీళ్ళు తగ్గే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య బాగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం ఒక్క ముక్క కూడా తీయకూడదు.

ఇంటికొచ్చాక, ఇంకా ఏదైనా దొరికితే

అదే రోజు రాత్రి నోటుబుక్కు బొమ్మను శుభ్రంగా తిరిగి గీయండి, ఫొటోల నంబర్లు పొరల పక్కన వేయండి. రెండు రోజులు ఆగితే ఏ ఫొటో ఏ పొరదో గుర్తుండదు. పక్కన ఒక గీత గీసి, ఒడ్డు దగ్గరైతే ఎడమకు, లోతైతే కుడికి వంచుతూ పైకి తీసుకెళ్ళండి. మీ చేత్తో మీరు గీసిన సముద్రమట్టం గీత అదే. అనుమానం ఉన్నచోట చుక్కల గీత వేయండి, గట్టిగా గీయకండి.

ఎప్పుడైనా ఎముకలా, పన్నులా ఏదైనా కనిపిస్తే, ముఖ్యంగా కల్లమేడు వైపు, ముట్టుకోకండి. రూపాయి బిళ్ళ పెట్టి దగ్గర్నుంచి ఒకటి, గట్టు మొత్తం వచ్చేలా దూరం నుంచి ఒకటి ఫొటో తీసి, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకుని, చెన్నైలోనో తిరుచ్చిలోనో ఏదైనా యూనివర్సిటీ జియాలజీ విభాగానికి గానీ జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకు గానీ పంపండి. నోటుబుక్కులో ఆ పొర కింద ఏముంది, పైన ఏముంది అన్న పేజీ ఫొటో కూడా జతచేయండి, వాళ్ళు మొదట అడిగేది అదే.